స్లీప్ 30: డెలివరీ చూసే పెద్దలకు ఒక బిల్డ్ ఇంజినీరు బహిరంగ లేఖ



మాదాపూర్‌లోనో, మధురవాడలోనో, వైట్‌ఫీల్డ్‌లోనో, డాలస్ పక్కన ప్లేనోలోనో మీ ఆఫీసు ఎక్కడున్నా, మీ గది గోడ మీద ఒక తెర ఉంటుంది. దాని నిండా పచ్చవి, ఎర్రవి చదరాలు. రాత్రంతా మేం ఏం చేశామో పొద్దున మీకు ఆ రంగుల్లోనే తెలుస్తుంది. ఎర్రగా ఉంటే మాకు ఫోను వస్తుంది. పచ్చగా ఉంటే ఎవరూ ఏమీ అనరు.

నేను రాస్తున్నది మూడో రకం చదరం గురించి. అర్ధరాత్రి రెండింటికి ఎర్రబడి, డ్యూటీలో ఉన్న కుర్రాడు రీరన్ నొక్కగానే రెండూ ఇరవైకి పచ్చబడింది. కోడులో ఒక్క అక్షరం మారలేదు. మొదటిసారి ఎందుకు పడిపోయిందో ఎవరూ చూడలేదు. మీ తెర మీద దానికి వేరే రంగు లేదు, అదీ పచ్చే. ఆ పచ్చ చూసే మీరు విడుదలకు సంతకం పెట్టారు.

పదిహేడేళ్లుగా బిల్డులు, టెస్టులు చూస్తున్నాను. ఇలా రంగులు మార్చే టెస్టుల్లో నేను చూసినవి ఎక్కువ భాగం ఒకే జాతివి. రెండు మూడు మెషీన్లు కలిసి చేయాల్సిన టెస్టులు.

ఈ పనితో పరిచయం లేని పాఠకులకు నాలుగు మాటల్లో చెబుతాను. మీరు ఫోనులో బస్సు టికెట్ తీసుకుంటే మీ ఫోను క్లయింటు, ఎక్కడో ఉండి సీటు ఇచ్చే యంత్రం సర్వరు. ప్రోగ్రామర్ కోడు మార్చి జమ చేయగానే దాన్ని కట్టి, పరీక్షించి, విడుదలకు సిద్ధం చేసే ఏర్పాటు బిల్డ్ పైప్‌లైన్. అందులో చాలావరకు ఒంటరి టెస్టులే: ఫలానా లెక్కకు ఫలానా జవాబు వచ్చిందా అని చూసేవి. వాటితో నాకు పేచీ లేదు. జంట టెస్టుల సంగతి వేరు. ఒక మెషీన్ మీద సర్వరు లేవాలి. అది లేచాక రెండో మెషీన్ మీద క్లయింటు దాన్ని పలకరించాలి. మూడో మెషీన్ మీద ఇంకో క్లయింటు సరిగ్గా అదే వేళకు అదే సీటు అడగాలి. ఇద్దరికీ ఇచ్చేసిందా, ఒకరికే ఇచ్చిందా చూడాలి. చివరికి అందరూ సర్దుకుని, తమ లాగులు, అంటే ఏం జరిగిందో రాసుకున్న చిట్టాలు, అప్పజెప్పి వెళ్లాలి.

మనం వాడే పైప్‌లైన్ పనిముట్లకు 'తర్వాత' అనే మాట బాగా వచ్చు. 'కలిసి' అనే మాట సరిగ్గా రాదు. కోసుకే కవగుచి సన్ మైక్రోసిస్టమ్స్‌లో ఉండగా రాసిన హడ్సన్ 2005లో బయటికొచ్చింది, ఒరాకిల్‌తో పేరు తగాదా వచ్చి 2011లో జెంకిన్స్ అయింది. మన ఊళ్లలో చాలా కంపెనీల రాత్రి బిల్డులు ఇప్పటికీ దాని మీదే నడుస్తున్నాయి. దాని ఆలోచన సూటిగా ఉంటుంది: ఒక పని, దాన్ని నడపడానికి ఒక ఏజెంటు, అంటే ఒక మెషీన్. ఆ తర్వాత వచ్చిన గిట్‌ల్యాబ్‌లో, గిట్‌హబ్ యాక్షన్స్‌లో జాబుల, అంటే ఈ పనుల, మధ్య చుట్టరికాన్ని 'నీడ్స్' అనే మాటతో రాస్తాం. ఇది అయ్యాక అది. మరి సర్వర్ జాబు అయిపోయాక క్లయింట్ జాబు మొదలైతే అది మాట్లాడేది ఎవరితో? పోనీ రెండిటినీ పక్కపక్కన పరిగెత్తిద్దామంటే అదీ కుదురుతుంది. కానీ అలా పరిగెత్తే రెండు జాబులు 'నువ్వు సిద్ధమా?' అని ఒకదాన్నొకటి అడగడానికి ఆ భాషలో మాట లేదు. సర్వీస్ కంటెయినర్లని ఒక సదుపాయం ఉంది. అది మామూలుగా జాబు నడిచే మెషీన్ మీదే లేస్తుంది కాబట్టి రెండో మెషీన్ సమస్య అలాగే ఉండిపోతుంది.

ఆ మాట లేని చోట మావాళ్లు రాసేది స్లీప్ 30. సర్వర్‌ను లేపు, ముప్పై సెకన్లు నిద్రపో, క్లయింట్‌ను వదులు. రాసిన రోజున సర్వరు పన్నెండు సెకన్లలో లేచేది, ముప్పై అంటే ధారాళం అనుకున్నారు. ఆరు నెలల తర్వాత డేటాబేస్ పెరిగింది, ల్యాబ్‌లో ఇంకో టీము చేరింది, ఒక రాత్రి సర్వరు లేవడానికి ముప్పై రెండు సెకన్లు పట్టింది. ఎర్ర. ఎవరో స్లీప్ 60 చేశారు. మరుసటి ఏడాది 120. ఇప్పుడు సర్వరు పది సెకన్లలో లేచిన రోజున కూడా రెండు నిమిషాలు దండగ. అలాంటి టెస్టులు నలభై ఉంటే గంటకు పైగా ఎవరూ ఏ పనీ చేయకుండా మెషీన్లు గుర్రుపెట్టడానికే పోతుంది.

మా నాన్న ఒంటి లైను మీద ఒక చిన్న స్టేషన్‌కు స్టేషన్ మాస్టరు. నాకు ఊహ తెలిసేసరికి ఆ గదిలో నీల్స్ టోకెన్ యంత్రం ఉండేది. ఎర్ర రంగు ఇనుప పెట్టె, లోపల బంతులు. నాన్న గంట కొట్టి అవతలి స్టేషన్‌ను పిలిచి లైన్ క్లియర్ అడిగేవారు. అవతలి మాస్టరు ఒప్పుకుని తన వైపు నుంచి అనుమతి ఇస్తేనే ఇక్కడి పెట్టెలోంచి బంతి బయటికొచ్చేది. దాన్ని తోలు సంచిలో వేసి, బెత్తపు వలయానికి తగిలించి డ్రైవర్‌కు అందించేవారు. ఆ బంతి వెళ్లి అవతలి పెట్టెలో పడేదాకా రెండు పెట్టెల్లోంచీ ఇంకో బంతి రాదు. బంతి చేతికి రానిదే డ్రైవరు బండి కదపడు. టైమ్‌టేబుల్‌లో ఏ వేళ రాసి ఉన్నా, ముందు వెళ్లిన బండి 'ఈపాటికి చేరిపోయే ఉంటుంది' అన్న నమ్మకంతో వెనక బండిని వదలడం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

స్లీప్ 30 అంటే అదే, ఈపాటికి చేరిపోయే ఉంటుంది అనడం.

దీని సిద్ధాంతం పాతదే. లెస్లీ లాంపోర్ట్ 1978లో రాసిన వ్యాసం మా రంగంలో అందరికీ తెలుసు. వేర్వేరు యంత్రాల మీద జరిగిన రెండు సంగతుల్లో ఏది ముందు, ఏది వెనక అన్నది వాటి గడియారాలను నమ్ముకుని తేల్చలేం. ఒకదాని నుంచి ఇంకోదానికి కబురు వెళ్తే, కబురు పంపడం ముందు, అందడం వెనక అని మాత్రం నిక్కచ్చిగా చెప్పగలం. సర్వరు 'లేచాను' అని కబురు పంపి, అది అందాక క్లయింటు కదిలితే వరుస ఖాయం. మిగిలినదంతా గడియారం మీద జూదం.

జూదం ఎంత నష్టమో లెక్కలు కూడా ఉన్నాయి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో అపాచీ సంస్థకు చెందిన 51 ప్రాజెక్టుల్లో, నిలకడలేని టెస్టులను సరిచేసిన 201 మార్పులను పరిశీలించారు. మూలకారణం తేలినవాటిలో దాదాపు 45 శాతానికి ఒకటే జబ్బు: అవతలి పని పూర్తయిందో లేదో సరిగ్గా కనుక్కోకుండా ముందుకు పోవడం. గూగుల్ 2016లో తన లెక్క తానే బయటపెట్టింది. వాళ్ల టెస్టుల్లో సుమారు 16 శాతానికి ఎంతో కొంత ఈ చంచలత్వం ఉంది. పచ్చ నుంచి ఎర్రకు మారిన సందర్భాల్లో 84 శాతం వరకు ఇలాంటి చంచలమైన టెస్టు ప్రమేయం ఉన్నవే. అంత డబ్బు, అంతమంది నిపుణులు ఉన్నచోటే పరిస్థితి అది. మరి మన దగ్గర లెక్కపెట్టినవాళ్లే నాకు కనపడరు. రీరన్ నొక్కితే పాత ఎర్ర చదరం చెరిగిపోతుంది కదా, లెక్కకు ఆనవాలేదీ?

స్లీప్ తీసేసి, సర్వరు కనెక్షన్లు తీసుకునే గుమ్మం, అంటే పోర్టు, తెరుచుకుందా అని చూస్తే చాలదా అని మీ ఆర్కిటెక్టులు అడుగుతారు. స్లీప్ కన్నా నయం. కానీ అందులో ఒక మెలిక ఉంది. ప్రోగ్రామ్ 'వింటున్నాను' అని చెప్పిన క్షణం నుంచే ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చిన కనెక్షన్లను తీసుకుని వరుసలో నిలబెట్టేస్తుంది. లోపల ప్రోగ్రామ్ ఇంకా కాన్ఫిగరేషన్ చదువుకుంటూనో, డేటాబేస్ కోసం వెతుక్కుంటూనో ఉండవచ్చు. షాపు షట్టరు సగం లేచింది, లోపల కుర్రాడు ఇంకా ఊడుస్తున్నాడు, మనం వెళ్లి కిలో కందిపప్పు అడిగితే ఏమవుతుంది? అందుకే సిద్ధమయ్యానన్న మాట సర్వరే తన నోటితో చెప్పాలి. ఒక నిజమైన చిన్న అభ్యర్థనకు నిజమైన జవాబు ఇవ్వగలిగినప్పుడే చెప్పాలి.

అలా చెప్పినా చాలని రోజు ఒకటి నా అనుభవంలో ఉంది. అది చెప్పుకోవాలంటే నాకు ఇప్పటికీ సిగ్గే.

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక చోట జంట టెస్టులు మూడు వారాల పాటు ఒక్కసారి కూడా ఎర్రబడలేదు. అందరం మురిసిపోయాం. వారం చివర నా మేనేజరు మెయిల్‌లో మెచ్చుకున్నారు కూడా. ఆ తర్వాత ఒక కస్టమర్ దగ్గర, మేం టెస్టు చేశామనుకున్న తప్పే బయటపడింది. వెతుక్కుంటూ పోతే తేలింది ఇది. మూడు వారాల కింద ఒక బిల్డు మధ్యలో ఎవరో రద్దు చేశారు. పైప్‌లైన్ సర్వరు మెషీన్‌కు ఉన్న తన ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్‌ను తెంపేసింది. కనెక్షన్ తెగినంత మాత్రాన అవతలి మెషీన్ మీద లేచిన సర్వరు చావాలని నియమం లేదు. అది నిక్షేపంగా బతికే ఉంది, అదే పోర్టు పట్టుకుని. మరుసటి రోజు నుంచి వచ్చిన ప్రతి కొత్త సర్వరూ 'ఈ అడ్రసు వాడకంలో ఉంది' అని లాగులో ఒక వరుస రాసి చచ్చిపోయేది. మా స్క్రిప్టు పోర్టు తెరిచి ఉందా అని చూసేది, తెరిచే ఉంది. క్లయింటు పలకరించేది, జవాబు వచ్చేది. మూడు వారాల పాటు రోజూ కొత్త క్లయింటు పాత సర్వరుతో మాట్లాడి పచ్చ చదరం తెచ్చింది. కొత్త సర్వర్ కోడును ఒక్క టెస్టు కూడా ముట్టుకోలేదు.

నాన్నకు ఈ కథ చెబితే ఆయన నవ్వి, 'బంతి మీద పేరు చూడలేదా?' అన్నారు. నిజమే, ఆ బంతుల మీద ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్‌కో చెక్కి ఉంటుంది. డ్రైవరు సంచి అందుకోగానే అది తను వెళ్లబోయే సెక్షన్‌దేనా అని చూసుకుంటాడు. ఆ వారమే మా పలకరింపులోకి బిల్డు నంబరు చేర్చాం. 'సిద్ధమా?' 'సిద్ధం, నేను 2281వ బిల్డును.' నంబరు కలవకపోతే క్లయింటు అక్కడికక్కడే ఆగిపోతుంది. పోర్టు నంబరు ముందే ఖాయం చేయడం కూడా మానేశాం. సున్నా అని అడిగితే కెర్నెలే ఖాళీగా ఉన్న పోర్టు ఒకటి ఇస్తుంది. ఆ నంబరును సర్వరు తన కబురులో పెట్టి క్లయింటుకు పంపుతుంది. పాత సర్వరు ఎక్కడైనా బతికున్నా దాని గుమ్మం ఎవరూ తొక్కరు.

ఇంత తంటా ఎందుకు, రెండిటినీ ఒకే మెషీన్ మీద పెట్టండి అని ఒక డెలివరీ హెడ్ నాతో అన్నారు. ఖర్చు మాట ఎత్తారు కాబట్టి దీనికి కాస్త ఎక్కువే జవాబు చెబుతాను.

ఒకే మెషీన్‌లో తనతో తాను మాట్లాడుకునే లూప్‌బ్యాక్ దారిలో లినక్స్‌లో ఒక్కో పొట్లానికి మామూలు హద్దు 65,536 బైట్లు. మెషీన్ దాటి ఈథర్‌నెట్ తీగ ఎక్కితే మామూలు హద్దు 1,500. పది వేల బైట్ల సందేశం లూప్‌బ్యాక్ మీద సాధారణంగా ఒక్క ముక్కగా వచ్చి పడుతుంది. తీగ మీద ఏడెనిమిది ముక్కలవుతుంది. 'ఒకసారి చదివితే సందేశమంతా వచ్చేస్తుంది' అనుకుని రాసిన కోడు మొదటి చోట ఎన్నేళ్లయినా పడిపోదు, రెండో చోట మొదటి వారమే పడుతుంది. నేను చూసిన క్లయింట్ సర్వర్ తప్పుల్లో ఇంతకన్నా సామాన్యమైనది లేదు. ఇక గడియారాలు. రెండు మెషీన్ల గడియారాల మధ్య తేడా మామూలుగా ఐదు నిమిషాలు దాటితే గుర్తింపు తనిఖీ చేసే కెర్బెరోస్ లోపలికి రానివ్వదు. ఒకే మెషీన్‌లో తనకూ తనకూ తేడా ఎక్కడి నుంచి వస్తుంది? ఫైర్‌వాల్, పేరు వెతకడం, సర్టిఫికెట్ మీద ఉండాల్సిన అసలు పేరు, ఇవన్నీ లోకల్‌హోస్ట్, అంటే తన మెషీనే, అనగానే మాయమవుతాయి. పీటర్ డాయిచ్ 1990లలో సన్‌లో ఉండగా, నెట్‌వర్క్ గురించి ప్రోగ్రామర్లు పెట్టుకునే వట్టి భ్రమల జాబితా ఒకటి రాశారు. అందులో మొదటిది నెట్‌వర్క్ ఎప్పుడూ తెగదనుకోవడం. లోకల్‌హోస్ట్ మీద చేసే టెస్టు ఆ భ్రమలకు పాలు పోసి పెంచుతుంది.

అలాగని ప్రతి టెస్టుకూ రెండు ఇనుప డబ్బాలు కావాలని అడగడం లేదు. లినక్స్‌లో నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లున్నాయి. ఒకే మెషీన్‌లో రెండు వేర్వేరు నెట్‌వర్క్ లోకాలు కట్టి, మధ్యలో ఉత్తుత్తి తీగ వేసి, నెట్ఎమ్ అనే పనిముట్టుతో ఆ తీగ మీద ఆలస్యం, నష్టం పుట్టించవచ్చు. ఆ తీగకు 1,500 హద్దూ పెట్టవచ్చు. రోజూ ప్రతి మార్పుకూ నడిచే టెస్టులకు అది చాలు. గడియారాల తేడా, నిజమైన నెట్‌వర్క్ కార్డు, రెండు వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లు, ఒక మెషీన్ హఠాత్తుగా కరెంటు పోయి పడిపోవడం, వీటికి మాత్రం అసలు జత కావాలి. రాత్రికి ఒకసారి చాలు.

జత అనగానే ఇంకో గొడవ మొదలవుతుంది. ఒక చోట మా ల్యాబ్‌లో నాలుగు మెషీన్లుండేవి, రెండు పైప్‌లైన్లుండేవి. ఒక్కొక్కదానికి మూడు మెషీన్లు కావాలి. ఒక శుక్రవారం రాత్రి అది రెండు పట్టుకుని మూడోదాని కోసం నిలబడింది, ఇదీ రెండు పట్టుకుని మూడోదాని కోసం నిలబడింది. ఎవరూ వదలరు. సోమవారం పొద్దున వచ్చి చూస్తే రెండూ అలాగే ఒకదాని మొహం ఒకటి చూసుకుంటున్నాయి. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్లో డైనింగ్ ఫిలాసఫర్ల లెక్క రాయని విద్యార్థి ఉండడు. దాని మూలం డైక్‌స్ట్రా 1965లో తన విద్యార్థులకు ఇచ్చిన పరీక్ష ప్రశ్న. ఇంటర్వ్యూలో మనమూ అదే అడుగుతాం. ఉద్యోగంలో చేరాక ఆ పిల్లలకు మనమిచ్చే ల్యాబ్ మాత్రం ఆ లెక్కలోని భోజనాల బల్లే. మందు అప్పటి నుంచీ తెలిసిందే. కావలసిన మూడూ ఒకేసారి దొరికితేనే పట్టుకోవాలి, లేకపోతే ఒక్కటీ పట్టుకోకూడదు.

ఇవన్నీ ఎవరో ఇప్పటికే తీర్చిన సమస్యలు. అదే నా బాధ. రెడ్‌హ్యాట్ వాళ్ల బీకర్ అనే టెస్టు వ్యవస్థలో ఒక జట్టుకు కావలసిన మెషీన్లన్నీ ఒకేసారి కేటాయిస్తారు, ఏది సర్వరో ఏది క్లయింటో పాత్ర రాసి ఇస్తారు. లినారో వాళ్ల లావాలో 'లావా సెండ్', 'లావా వెయిట్', 'లావా సింక్' అని చిన్న ఆదేశాలున్నాయి. సెండ్‌తో కబురూ పోతుంది, దానితో పాటు పోర్టు నంబరు లాంటి సమాచారమూ పోతుంది. సూసే వాళ్ల ఓపెన్‌క్యూఏలో తాళాలు, బారియర్లు ఉన్నాయి. బారియర్ అంటే ఇంతమంది చేరేదాకా ఎవరూ దాటకూడని గీత. మన పెళ్లిలో అడ్డుతెర లాంటిది. ముహూర్తం పంచాంగం చూసే పెడతారు, కానీ అమ్మాయి గంపలో వచ్చి పీటల మీద కూర్చోనిదే ఏ పురోహితుడూ తెర దించడు.

నిక్స్ఓఎస్ వాళ్ల దారి ఇంకో రకం. ఒక్క పైథాన్ స్క్రిప్టు అన్ని వర్చువల్ మెషీన్లనూ చేతిలో పెట్టుకుంటుంది. సర్వరు మీద ఫలానా సేవ లేచేదాకా ఆగు, ఇప్పుడు క్లయింటు మీద ఈ ఆదేశం నడుపు, అని మేస్త్రీలా వరుసగా చెబుతుంది. కైల్ కింగ్స్‌బరీ 2013 నుంచి డేటాబేసులను ఉతికి ఆరేస్తున్న జెప్సెన్ కూడా మేస్త్రీ పద్ధతే. ఒక మెషీన్ మీద కూర్చుని, మామూలుగా ఐదు మెషీన్లను ఆడిస్తూ, వాటి మధ్య నెట్‌వర్క్‌ను కావాలని తెంపి, ఏ డేటాబేసు ఏ అబద్ధం చెబుతుందో పట్టుకుంటుంది. లినక్స్ కెర్నెల్‌లోనే నెట్‌వర్క్ డ్రైవర్ల టెస్టులకు రెండో మెషీన్ చిరునామా, దాన్ని చేరే దారి ఇచ్చే ఏర్పాటు ఉంది. ఇవన్నీ డబ్బు పెట్టి కొనాల్సినవి కావు, తెరిచి చదువుకోవచ్చు.

గీతల పద్ధతి, మేస్త్రీ పద్ధతి, ఈ రెండిటిలో ఏది మేలని అడిగితే, పది మంది ఉన్న టీముకు మేస్త్రీ పద్ధతే మంచిదంటాను. కథంతా ఒక్క ఫైల్లో పైనుంచి కిందికి చదవవచ్చు, ఎక్కడ ఆగిపోయిందో తెలుస్తుంది. మెషీన్లు పదుల్లోకి వెళ్లినప్పుడు, మధ్యలో రీబూట్ కావాల్సిన బోర్డులున్నప్పుడు మేస్త్రీ చేతులు చాలవు. అప్పుడు ఎవరి స్క్రిప్టు వాళ్లు నడుపుకుంటూ గీతల దగ్గర కలుసుకోవడమే దారి. రెండూ కలిపి సొంతంగా కొత్తది కనిపెట్టాలని ఉబలాటపడే కుర్రాళ్లను మాత్రం కాస్త పట్టుకోండి. నేనూ ఆ వయసులో ఒకటి రాశాను. దాని మీద పడ్డ పాట్లు రాస్తే వేరే ఉత్తరం అవుతుంది.

ఏ పద్ధతి అయినా, చావు కబురు సంగతి మరవకూడదు. కాచుకోవడం నేర్పినవాళ్లు అది నేర్పడం మర్చిపోతారు. సర్వరు లేవకముందే కూలిపోతే, ఆ సంగతి తెలియని మూడు క్లయింట్లు గీత దగ్గర గంట సేపు నిలబడతాయి. గంట తర్వాత టైమౌట్ అని ఎర్రబడతాయి. మీ తెర మీద మూడు క్లయింట్ల పేర్లు ఎర్రగా కనిపిస్తాయి, మీరు క్లయింటు టీముకు ఫోను చేస్తారు. అసలు దోషి సర్వరు. ఓపెన్‌క్యూఏలో బారియర్ దగ్గర కాచుకున్నంతసేపూ జట్టులో మిగతావాళ్లు బతికున్నారో లేదో చూడమని చెప్పవచ్చు. ఒకరు పోతే మిగతావాటి ఫలితాన్ని వేరే పేరుతో, 'జతగాడు పడిపోయినందువల్ల' అన్న అర్థం వచ్చేలా రాస్తుంది. ఈ ఒక్క తేడా ఎన్ని ఫోన్లు, ఎన్ని తగువులు తప్పిస్తుందో డ్యూటీ చేసినవాళ్లకు తెలుసు.

సర్దుకోవడంలో కూడా వరుస ఉంది. ముందు క్లయింట్లు ముగించాలి, తర్వాత సర్వరు ఆగాలి, ఆ తర్వాత లాగులు తీసుకోవాలి, అప్పుడే మెషీన్లు వదలాలి. టెస్టు పడిపోయినా, మధ్యలో రద్దయినా ఇదంతా జరగాలి, పడిపోయినప్పుడే లాగుల అవసరం ఎక్కువ. మా మూడు వారాల పరువు పోయింది ఈ సర్దుకోవడం దగ్గరే.

ఇక మిమ్మల్ని అడగదలచింది. మీ తెర మీద మూడో రంగు పెట్టించండి. పసుపో, నారింజో, మీ ఇష్టం. రీరన్‌తో పచ్చబడినది ఆ రంగులో, మొదటిసారి పడిపోయిన లాగుతో సహా మిగలాలి. రీరన్ బటన్ తీసేయమనడం లేదు, దాని అవసరం నాకూ తెలుసు. నెలకు ఒకసారి ఆ రంగు చదరాలెన్నో మీరే అడగండి. మీరు అడిగితే లెక్క పుడుతుంది. మేం అడిగితే 'వచ్చే స్ప్రింట్‌లో చూద్దాం' అంటారు. ల్యాబ్‌కు ఒక జత మెషీన్లు ఇవ్వండి, వేరే ఎవరూ ముట్టుకోకూడని జత. పని తెలిసిన ఇంజినీరు ఒకరిని ఈ కాచుకోవడం, కబురు, సర్దుకోవడం బాధ్యతకు నియమించి, రెండు నెలలు వాళ్లను ఫీచర్ల వైపు లాగకుండా ఉండండి. ఇప్పుడు ఈ పని ఎవరికి పడుతోందో మీకు తెలుసు. కాలేజీ నుంచి వచ్చి ఆరు నెలలైన పిల్లకు రాత్రి షిఫ్టు వేసి, ఎర్రబడితే రీరన్ నొక్కమని చెబుతున్నాం. ఆ అమ్మాయి ఏడాది తర్వాత ఇంకో కంపెనీకి ఇంటర్వ్యూకు వెళ్లి, ఏం నేర్చుకున్నావంటే ఏం చెబుతుంది?

ఒక మాట మీ తరఫున కూడా చెప్పాలి. విడుదల తేదీ మీ మెడ మీద ఉంటుంది, అవతల కస్టమర్ ఊరుకోడు, రీరన్ నొక్కితే పది నిమిషాల్లో తేలే పనికి రెండు నెలలు ఎందుకని మీకు అనిపించడం సహజమే. నేను మీ కుర్చీలో ఉన్నా బహుశా అదే అనేదాన్ని. అందుకే రెండు నెలలకు ముందు ఒక పది నిమిషాల పని చెబుతాను. మీ టెస్టు స్క్రిప్టులన్నిటిలో 'స్లీప్' అన్న మాట ఎన్నిసార్లుందో వెతికి చెప్పమని మీ టీమును అడగండి. ఒక్క ఆదేశంతో తేలిపోతుంది, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇప్పుడు నేనున్న చోట మొదటిసారి వెతికినప్పుడు రెండొందలు దాటాయి. ఇవాళ తొమ్మిది మిగిలాయి. వాటిలో ఒకటి నేను రాసిందే, స్లీప్ 5, పక్కన 'తాత్కాలికం' అని నా చేత్తోనే వ్యాఖ్య రాసి ఉంది. దేని కోసం ఆగమన్నానో మూడు రోజులుగా గుర్తు రావడం లేదు. తీసేసి చూశాను, నలభై పరుగుల్లో ఒకసారి పడిపోయింది. మళ్లీ పెట్టి, ఆ పడిపోయిన లాగు ముందేసుకుని కూర్చున్నాను.

ఇట్లు,
ఒక బిల్డ్ ఇంజినీరు
హైదరాబాద్